రెండో కాన్పుతోనే ఆపరేషన్ చేయించుకోమంటున్నారు, కేథలిక్కులం ఏం చేయాలి?

కాన్పుతో పాటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోమని అత్తగారు, వద్దని మీ విచారణ (చర్చి పరిధి) ఫాదర్ అంటున్నారని రాశారు. మరి మనం వరసగా కంటూనే ఉండాలా అని అడిగారు. అలా శ్రీసభ, అంటే మన కేథలిక్ చర్చి, ఎక్కడా చెప్పలేదు చెల్లెమ్మా. ముందు ఆ భయం వదిలేయండి.

మాది కడప. నా రెండో సిజేరియన్ రోజు నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. థియేటర్‌లోకి తీసుకుపోయే ముందు నర్సు కాగితం తెచ్చి, "ఇద్దరయ్యారు కదా, దీంతోనే చేసేస్తారు, సంతకం పెట్టు" అంది. నొప్పుల్లో ఉన్న మనిషిని అడిగే సమయమా అది? వద్దన్నాను. మా అమ్మ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మా వీధిలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే ఎక్కువ, వాళ్లను నేను తప్పుపట్టను. ఇంకో దారి ఉందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

పెళ్లి రోజు ఫాదర్ అడిగిన ప్రశ్న గుర్తు తెచ్చుకోండి. దేవుడిచ్చే బిడ్డల్ని ప్రేమతో స్వీకరిస్తారా అంటే ఇద్దరం అవునన్నాం. 1968లో ఆరవ పౌలు పోపు గారు రాసిన 'హ్యుమానే వీటే' విశ్వలేఖ (శ్రీసభ అంతటికీ పోపు గారు రాసే లేఖ) ఆ మాట మీదే నిలబడింది. కలయికలో ప్రేమ, బిడ్డకు చోటు రెండూ కలిసే ఉంటాయి, మన చేత్తో వాటిని విడదీయకూడదు అంటుంది. అందుకే మాత్రలు, కండోమ్, లూప్, ఆపరేషన్ వద్దంటారు. ఆపరేషన్ మగవాళ్లదైనా అంతే. అయితే ఆరోగ్యం, ఇంటి పరిస్థితి లాంటి గట్టి కారణం ఉంటే కాన్పుల మధ్య ఎడం పెట్టుకోవచ్చని, గర్భం రాని రోజుల్లోనే కలవొచ్చని అదే లేఖ చెప్తుంది. ఇంకో గర్భం ప్రమాదమని డాక్టర్ అంటే అది చిన్న కారణం కాదు. ఏదైనా జబ్బుకు నిజంగా అవసరమై వాడే మందు వల్ల గర్భం రాకపోయినా అది తప్పు కాదు. 2015లో ఫ్రాన్సిస్ పోపు గారు కూడా, మంచి కేథలిక్కులంటే కుందేళ్లలా కనడం కాదు, బాధ్యత గల తల్లిదండ్రులు కావడం అని చెప్పారు.

మా విచారణలో ఒక సిస్టర్ (కన్యాస్త్రీ) నాకు గర్భం నిలిచే రోజుల్ని గుర్తుపట్టే బిల్లింగ్స్ పద్ధతి నేర్పింది. జాన్, ఎవలిన్ బిల్లింగ్స్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ దంపతుల పేరు అది. క్యాలెండర్ చూసి రోజులు లెక్కపెట్టడం కాదు, అది నెలసరి అటూ ఇటూ అయితే దెబ్బతింటుంది. ఇందులో యోని దగ్గర కనిపించే తడిని రోజూ గమనించుకోవాలి. పచ్చి గుడ్డులోని తెల్లసొనలా జారుడుగా, సాగేలా కనిపిస్తే గర్భం నిలిచే రోజులు. ఆ జారుడు ఆఖరి రోజు తర్వాత ఇంకో మూడు రోజులు ఆగాలి. నెలసరి అయ్యాక వచ్చే పొడి రోజులకు వేరే నియమాలున్నాయి, బాలింతలకు కూడా. ఇది చదివి మొదలుపెట్టకండి, తెలిసినవాళ్ల దగ్గర కొన్ని నెలలు కూర్చుని నేర్చుకోండి.

మా ఆయన ఎర్రగుంట్లలో నాపరాళ్ల పాలిషింగ్ పని చేస్తారు. మొదట "ఆడవాళ్ల సంగతి, నాకెందుకు" అన్నారు. ఆయన రాకపోతే నేర్పనని సిస్టర్ ఖరాఖండిగా చెప్పింది. వచ్చి తల దించుకుని కూర్చున్నారు. రెండో నెల నుంచి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో ఆయనే గుర్తు పెట్టడం మొదలుపెట్టారు. ఆగాల్సిన రోజుల్లో విసుగులు, చిన్న గొడవలు ఉండేవి, లేవని అబద్ధం చెప్పను.

ఒక నెల ఆగలేకపోయాం. నెలసరి పది రోజులు దాటింది. నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఒక రాత్రి ఆయన, "వస్తే పెంచుకుందాం, నువ్వు ఒక్కదానివే మోయాల్సిన పని లేదు" అన్నారు. తర్వాత నెలసరి వచ్చింది. ఎందుకో ఏడ్చాను. బిడ్డకు చోటు ఉంచడం అంటే ఏమిటో నాకు ఆ పది రోజుల్లోనే అర్థమైంది.

మీరు రాసిన దాంట్లో అత్తగారున్నారు, ఫాదర్ ఉన్నారు. మీ ఆయన ఏమన్నారో లేదు. నెలలు నిండకముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి, ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి. సిస్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన్ని వెంటబెట్టుకునే వెళ్లండి.