టెక్ సందేహాలు: ముక్కు నొప్పికి ఏ కోడ్ వేయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా క్లినిక్‌లకు మెడికల్ కోడింగ్ (జబ్బులను బిల్లుల కోసం కోడ్‌లుగా మార్చడం) చేస్తున్నాను. ఒక ఔట్‌పేషెంట్ చార్ట్‌లో డాక్టర్ ‘నేసల్ పెయిన్, బహుశా సైనసైటిస్’ అని రాశారు. ఎన్‌కోడర్ (కోడ్‌లు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్) ఐసీడీ-10-సీఎం జాబితాలోని ఆర్52, జే32.9 చూపిస్తోంది. ఏది తీసుకోవాలి? ఆడిట్ అంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ వద్దండి. ‘పెయిన్’ అన్న మాట పట్టుకుని సాఫ్ట్‌వేర్ ఆర్52 (ఎక్కడో చెప్పని నొప్పి) తెచ్చింది. నొప్పి ఎక్కడో తెలిస్తే ఆ భాగానికి ఉన్న కోడే వేయాలని ట్యాబులర్ లిస్ట్‌లో (కోడ్‌ల వరుసలో ఉండే జాబితా) దాని కిందే ఎక్స్‌క్లూడ్స్1 నోట్ (ఈ కోడ్ ఎక్కడ వాడకూడదో చెప్పే సూచన) ఉంటుంది. ఇక జే32.9 దీర్ఘకాలిక సైనసైటిస్‌ది. ఔట్‌పేషెంట్‌లో ‘బహుశా’, ‘అనుమానం’ అని రాసిన జబ్బును కోడ్ చేయకూడదు, లక్షణాన్నే చేయాలి.

చెవి నొప్పికైతే హెచ్92.0 కింద కుడికి, ఎడమకు వేర్వేరు కోడ్‌లున్నాయి. ముక్కుకు ఆ భాగ్యం లేదు. ఇండెక్స్‌లో (మాటల అక్షరక్రమ జాబితా) ‘పెయిన్’ కింద ‘నోస్’ చూస్తే జే34.89కి (ముక్కు, సైనస్‌ల ఇతర సమస్యలు) పంపుతుంది. మీ చార్ట్‌కు అదే సరి. కానీ ముక్కు కారడం కూడా ఈ కోడ్‌లోకే వస్తుంది. కోడ్ చూసి పేషెంట్ బాధ ఏమిటో ఎవరికీ తెలియదు, చార్ట్‌లో డాక్టర్ రాసిన నోట్‌లోని మాటలే చెప్పాలి. అందుకే నోట్ చివరిదాకా చదవండి. ముక్కులో సెగ్గడ్డ ఉందని డాక్టర్ తేల్చి రాస్తే జే34.0. దెబ్బ తగిలి కమిలితే, మొదటి చికిత్సలో ఎస్00.33ఎక్స్ఏ. అప్పుడు నొప్పికి విడిగా కోడ్ అక్కర్లేదు. ఎముక విరిగితే ఎస్02.2 దగ్గర ఆగిపోకండి, ఏడో అక్షరం లేకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ వెనక్కి వస్తుంది. ఎస్02.2ఎక్స్ఎక్స్ఏ అని పూర్తిగా వేయాలి (చర్మం చీలని విరుపు, మొదటి చికిత్స అయితే).

నోట్‌లో స్పష్టత లేకపోతే డాక్టర్‌కు క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పంపండి. ‘ఇది సైనసైటిసే కదా?’ అని మాత్రం అడగొద్దు. జవాబు మనమే అందించినట్టవుతుంది, ఆడిటర్లు పట్టుకునేది అదే. ‘నొప్పికి కారణం ఏమని నిర్ధారించారు?’ అంటే చాలు.

ప్రశ్న: నోట్‌ను చాట్‌జీపీటీలో పేస్ట్ చేసి కోడ్ అడగొచ్చా?

జవాబు: సొంత అకౌంట్‌లో అస్సలు వద్దు. పేరు తీసేసినా తేదీలు, రికార్డ్ నంబర్ల వంటివి మిగిలితే అది హిపా (అమెరికా ఆరోగ్య సమాచార గోప్యతా చట్టం) కింద పేషెంట్ సమాచారమే. ఉద్యోగం పోవడం ఒక సంగతి, ముందు ఆ పేషెంట్‌కు అన్యాయం. పైగా కోడ్‌లు ఏటా అక్టోబర్ 1న మారతాయి, చాట్‌బాట్ పాతది చెప్పినా మీకు తెలియదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు సీడీసీ, సీఎంఎస్ వెబ్‌సైట్లలో ఇండెక్స్, ట్యాబులర్ లిస్ట్ ఉచితంగా దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసుకుని కంట్రోల్, ఎఫ్ నొక్కి వెతకండి. పేషెంట్‌ను చూసిన తేదీకి ఏ సంవత్సరం ఎడిషన్ వర్తిస్తుందో దాన్నే తెరవండి.