మూడుసార్లు గర్భం నిలవలేదు; ఇమ్యూన్ చికిత్సల్లో దేనికి ఒప్పుకోవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడు గర్భాలు పది వారాల లోపే పోయాయనీ, ఇప్పుడు మీరు వెళ్తున్న సంతాన సాఫల్య కేంద్రంలో "మీ శరీరమే బిడ్డను పరాయిదిగా భావించి తిరస్కరిస్తోంది" అంటూ ఎన్‌కే కణాల (ఒక రకం తెల్ల రక్తకణాల) పరీక్ష, మీవారి తెల్ల రక్తకణాలతో ఇమ్యూనైజేషన్, ఆపైన ఇంట్రాలిపిడ్ సెలైన్లు రాశారనీ, దేనికి ఒప్పుకోవాలో తేల్చుకోలేకపోతున్నామనీ అడిగారు. నేను డాక్టరును కాను, విజయవాడలో హైస్కూలు టీచరును. 2014 నుంచి 2018 మధ్య నాలుగు గర్భాలు పోగొట్టుకున్నాను, మీకు రాసిన చికిత్సల్లో ఒకటి చేయించుకున్నాను, 2019 డిసెంబరులో మా పాపను కన్నాను. ఆ అనుభవంతోనూ, ఆ ఐదేళ్లలో డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదానితోనూ చెబుతున్నాను: వరుస గర్భస్రావాలకు రోగనిరోధక వ్యవస్థ కారణమని గట్టిగా రుజువై, చికిత్స కూడా ఉన్నది ముఖ్యంగా ఒక్కటే, అది యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, అంటే శరీరం తనమీదే తయారుచేసుకునే కొన్ని యాంటీబాడీల వల్ల రక్తం గడ్డకట్టి, గర్భాలు పోయే జబ్బు. ముందు ఆ పరీక్షలు సక్రమంగా చేయించుకోండి. మిగిలినవాటికి డబ్బు కట్టకండి.

నా విషయంలో ఆ జబ్బు ఆనవాలు మొదటి గర్భం నాటి రక్తపరీక్షల్లోనే ఉంది. గర్భిణులందరికీ చేసే వీడీఆర్‌ఎల్ పరీక్ష నాకు పాజిటివ్ వచ్చింది. అది సిఫిలిస్ అనే సుఖవ్యాధికి చేసే పరీక్ష. ల్యాబు కౌంటరు దగ్గర ఉన్న అబ్బాయి గొంతు తగ్గించి "మీవారిని కూడా ఒకసారి తీసుకురండి మేడమ్" అన్నాడు. ఆ వారం రోజులు నేనూ మావారూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాము. తరువాత ఆ వ్యాధిని ఖాయం చేసుకోవడానికి చేసిన టీపీహెచ్‌ఏ పరీక్ష ఇద్దరికీ నెగటివ్ రావడంతో "ఏమీ లేదులే" అని ఆ కాగితాన్ని ఫైలులో పెట్టేశారు. ఎనిమిదో వారంలో ఆ గర్భం పోయింది, తరువాతది తొమ్మిదో వారంలో పోయింది. మూడోసారి పదిహేనో వారం దాకా వచ్చాక స్కానులో గుండె చప్పుడు లేదన్నారు. బాబు అన్ని అవయవాలతో సలక్షణంగా ఉన్నాడు. ఆ ఫైలును నాలుగేళ్ల తరువాత హైదరాబాదులో ఒక రుమటాలజిస్టు (కీళ్ల, రోగనిరోధక జబ్బుల డాక్టరు) మొదటి నుంచి ఓపికగా తిప్పుతూ, వీడీఆర్‌ఎల్ కాగితం దగ్గర ఆగి, దాని మీద వేలు పెట్టి "ఇది చూసి మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదా?" అన్నారు. వీడీఆర్‌ఎల్ పరీక్షలో వాడే పదార్థంలో కార్డియోలిపిన్ అనే కొవ్వు ఉంటుందట. కార్డియోలిపిన్ మీద యాంటీబాడీలు ఉన్నవారికి సుఖవ్యాధి లేకపోయినా అది పాజిటివ్ రావచ్చట. అది విని మావారు కుర్చీలో తల వంచుకుని చాలాసేపు కూర్చున్నారు.

ఆ డాక్టరు గారిని కలవడానికి ముందు, నాలుగో గర్భానికి, మేము కూడా మీలాగే ఒక కేంద్రంలో తెల్ల రక్తకణాల చికిత్సకు ఒప్పుకున్నాము. మావారి రక్తం తీసి, అందులోని తెల్ల కణాలను వేరుచేసి, నా ముంజేతి చర్మంలో చిన్న చిన్న బుడిపెలుగా ఎక్కించారు. వారం రోజులు చేయి ఎర్రబడి దురదపెట్టింది. ఇద్దరి నెల జీతాలూ కలిపినా చాలని ఖర్చయింది, ఆ గర్భం కూడా తొమ్మిదో వారంలో పోయింది. ఈ చికిత్స వెనుక ఉన్న ఆలోచన పాతదే. తండ్రి నుంచి సగం జన్యువులు వచ్చిన బిడ్డను తల్లి శరీరం ఎలా సహిస్తోందని 1953లో పీటర్ మెడవార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త అడిగిన ప్రశ్న శాస్త్రానికి ఎంతో మేలు చేసింది. అయితే దాన్ని ఆధారం చేసుకుని, తండ్రి కణాలను ముందుగా అలవాటు చేస్తే గర్భం నిలుస్తుందని ఊహించి ఇచ్చిన ఈ టీకాను అమెరికాలో సరైన పోలికతో పరీక్షించినప్పుడు, 1999లో వెలువడిన ఫలితాల్లో మేలు కనబడలేదు సరికదా, టీకా వేయించుకున్న వారిలోనే గర్భాలు ఎక్కువగా పోయాయి. 2002లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, అనుమతి పొందిన పరిశోధనల్లో తప్ప దీన్ని ఇవ్వరాదని చెప్పింది. ఈ సంగతి చేయి చాచకముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధ కలుగుతుంది. మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నది అందుకే.

ఇక అసలు పరీక్షల సంగతి. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌కు మూడు రక్తపరీక్షలు ఉంటాయి: లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రొటీన్ యాంటీబాడీలు. చివరి రెండింటిలో ఐజీజీ, ఐజీఎం అనే రెండు రకాల యాంటీబాడీలూ చూడాలి. లూపస్ అనే పేరు చూసి భయపడకండి, అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన లూపస్ జబ్బు ఉన్నట్టు కాదు. ఒక్కసారి పాజిటివ్ వస్తే సరిపోదు. జ్వరాలు, ఇన్ఫెక్షన్ల తరువాత ఈ యాంటీబాడీలు కొద్దికాలం కనిపించి పోతాయి కాబట్టి, కనీసం 12 వారాల తేడాతో రెండోసారి కూడా పాజిటివ్ రావాలని 2006 నాటి సిడ్నీ ప్రమాణాలు చెబుతున్నాయి. పది వారాల లోపు వరుసగా మూడు గర్భాలు పోవడం, లేదా పది వారాలు దాటాక సలక్షణంగా ఉన్న బిడ్డ ఒక్కటి పోవడం కూడా ఆ ప్రమాణాల్లో ఉంది, అంటే మీరు తప్పక పరీక్షించుకోవలసినవారే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లు వాడుతున్నప్పుడు లూపస్ యాంటీకోయాగులెంట్ ఫలితం తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి, "ముందు ఇంజెక్షన్లు మొదలుపెడదాం, పరీక్షలు తరువాత చూద్దాం" అంటే ఒప్పుకోకండి. నాకు 2018 జూలైలో ఒకసారి, అక్టోబరులో మరొకసారి చేశారు. ఆ మూడు నెలలు ఆగడం ఇంజెక్షన్ల కంటే కష్టమనిపించింది, కానీ ఆగాము.

ఈ యాంటీబాడీలు రక్తం గడ్డకట్టేలా చేయడమే కాక, మాయ సరిగా పాతుకోకుండా కూడా అడ్డుపడతాయి. దీనికి తక్కువ మోతాదు ఆస్పిరిన్, దానితోపాటు హెపారిన్ ఇస్తారు. లండన్‌లో 90 మంది స్త్రీల మీద జరిపి 1997లో ప్రచురించిన పరిశోధనలో, ఆస్పిరిన్ ఒక్కటే వాడిన వారిలో 42 శాతం మందికి బిడ్డలు దక్కితే, హెపారిన్ కూడా వాడిన వారిలో 71 శాతం మందికి దక్కారు. నాకు ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు గర్భం రాకముందు నుంచీ, ఎనాక్సాపారిన్ (ఒక రకం హెపారిన్) 40 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ గర్భం వచ్చిందని తేలిన రోజు నుంచీ ఇచ్చారు. హెపారిన్ మాయను దాటి బిడ్డకు చేరదు. మొదటి వారం నర్సు వచ్చి వేసింది, తరువాత నేనే నేర్చుకున్నాను. బొడ్డుకు నాలుగు వేళ్ల దూరంలో చర్మాన్ని మడత పట్టుకుని సూదిని నిటారుగా గుచ్చాలి, సిరంజిలో కనిపించే చిన్న గాలి బుడగను బయటకు నెట్టకూడదు, తీశాక రుద్దకూడదు. ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు వేసుకున్నా పొట్ట మీద నీలం మచ్చలు పడేవి. వాడిన సిరంజీలను ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి, నిండిన ప్రతిసారీ ఆసుపత్రిలో ఇచ్చి వచ్చేవారు మావారు. కాన్పు ముందు రోజు ఇంజెక్షన్ ఆపారు, ఆ తరువాత మళ్లీ మొదలుపెట్టి ఆరు వారాలు ఇచ్చారు. బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాను రోజున అత్తగారు నా చేయి పట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నారు, ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

మీకు ఈ యాంటీబాడీలు లేవని తేలితే మాత్రం, "ఎందుకైనా మంచిది" అని ఆ ఇంజెక్షన్లు వాడకండి. కారణం తెలియని గర్భస్రావాల్లో ఆస్పిరిన్, హెపారిన్ మేలు చేయలేదని 2010లో నెదర్లాండ్స్ పరిశోధన తేల్చింది. రక్తంలో కొలిచే ఎన్‌కే కణాలకూ, గర్భాశయంలో మాయ ఏర్పడటానికి తోడ్పడే ఎన్‌కే కణాలకూ తేడా ఉంది కాబట్టి రక్తపరీక్ష చూసి చికిత్స నిర్ణయించడం సరికాదు. ఇంట్రాలిపిడ్ అంటే సోయా నూనె, గుడ్డు సొన కొవ్వులతో చేసిన సెలైను, నోటితో తినలేని రోగులకు ఆహారంగా ఎక్కించేది. గర్భం నిలుపుతుందనడానికి గట్టి ఆధారం లేదు. స్టెరాయిడ్లతో నెలలు నిండకుండానే కాన్పులు ఎక్కువయ్యాయని 1997లోనే చూశారు. మన దగ్గర అలవాటుగా రాసే టార్చ్ పరీక్ష (కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం చేసే రక్తపరీక్ష) కూడా వరుస గర్భస్రావాల కారణాన్ని చెప్పదు.

ఆ డబ్బును మీ ఇద్దరి క్రోమోజోముల పరీక్షకు, థైరాయిడ్, షుగర్ పరీక్షలకు, గర్భాశయంలో అడ్డుగోడ ఉందేమో చూసే త్రీడీ స్కానుకు వాడండి. దేవుడి దయవల్ల అవసరం రాకూడదు గానీ, మళ్లీ డి అండ్ సి చేయవలసి వస్తే తీసిన కణజాలాన్ని తప్పక జన్యు పరీక్షకు పంపమనండి, తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం బిడ్డ క్రోమోజోముల్లోని లోపం వల్లే పోతాయి. గర్భం వచ్చాక రక్తస్రావం కనిపిస్తే, మీకు మూడుసార్లు పోయింది కాబట్టి ప్రొజెస్టెరాన్ అనే హార్మోను గురించి డాక్టరును వెంటనే అడగండి, 2019లో ప్రచురించిన బ్రిటన్ పరిశోధనలో అటువంటివారికి మేలు కనిపించింది. అన్ని పరీక్షలూ మామూలుగా వచ్చినా ఆశ వదులుకోకండి. 2015లో వచ్చిన మరో పరిశోధనలో, కారణం తెలియకుండా గర్భాలు పోయి, మందు లేని మాత్రలు మాత్రమే వాడిన స్త్రీలలో కూడా నూటికి 63 మందికి బిడ్డలు పుట్టారు.

మీ పాత ఫైలు బయటకు తీసి, మొదటి గర్భం నాటి వీడీఆర్‌ఎల్ ఫలితమూ, ఎప్పుడైనా చేసి ఉంటే ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) ఫలితమూ చూడండి. వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వచ్చి టీపీహెచ్‌ఏ నెగటివ్ అని ఉన్నా, ఏపీటీటీ ఎక్కువగా ఉన్నా ఆ కాగితాలను విడిగా తీసి రుమటాలజిస్టుకు చూపించండి.