వైబ్రేషన్ మానిటరింగ్ ఉద్యోగం: అమ్మాయిని స్పేర్ పార్టుల పనికి పంపొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. నేను ఇంట్లో టైలరింగ్ చేస్తాను, మావారు మిర్చి యార్డులో గుమస్తా. మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో డిప్లొమా మంచి మార్కులతో పాసైంది. ఈసెట్ (డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరే పరీక్ష) కూడా రాసింది కానీ ర్యాంకు మరీ గొప్పగా రాలేదు. ఇప్పుడు విజయవాడలోని ఒక ఏజెన్సీ వాళ్లు ఉద్యోగం ఇస్తామంటున్నారు. ఇబ్రహీంపట్నం, జగ్గయ్యపేట వైపు ప్లాంట్లలో వైబ్రేషన్ మానిటరింగ్ సిస్టమ్‌ల మెయింటెనెన్స్, స్పేర్ పార్టులు మార్చడం పని. నెలకు 14 వేలు. మా మరిదిగారేమో "ఆడపిల్లకి ఫ్యాక్టరీలో నట్లు బిగించే పనేంటి, హైదరాబాద్ పంపి సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించండి" అంటున్నారు. అమ్మాయికి మాత్రం ఈ ఉద్యోగం మీదే మనసు. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండీ. ముందు మీ మరిదిగారి మాట సంగతి చూద్దాం. ఇందులో నట్లు బిగించే పని చాలా తక్కువ. ఆ ఏజెన్సీ వాళ్లే ఈ ఉద్యోగాన్ని స్పేర్లు మార్చే పని అని చెప్పారంటే, వాళ్లు దాన్ని చిన్నది చేసి చెప్పినట్టు. లేదా వాళ్ల దగ్గర అది నిజంగానే చిన్న పని అయ్యుండాలి. ఈ రెండింటిలో ఏదో తెలుసుకున్నాకే మీరు అవునో కాదో చెప్పాలి. ఎలా తెలుసుకోవాలో చెబుతాను. ముందు అసలు పనేంటో కొంచెం వివరంగా చూద్దాం.

మీ కుట్టుమిషన్ చప్పుడు మారగానే ఎక్కడో ఏదో తేడా వచ్చిందని మీకు తెలిసిపోతుంది కదా. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. దాని పక్కన నిలబడి చెవులతో తేడా పట్టుకోవడం కుదరదు. అందుకే బేరింగ్‌ల దగ్గర సెన్సర్లు పెడతారు. అవి షాఫ్ట్ (తిరిగే ఇరుసు) ఎన్ని మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎన్ని వెయ్యో వంతులు, కదులుతోందో, బేరింగ్ హౌసింగ్ ఎంత అదురుతోందో చూసి కంట్రోల్ రూమ్ పక్కనున్న ర్యాక్‌కి, అంటే ఎలక్ట్రానిక్ కార్డులుండే బీరువాకి, పంపుతాయి. హద్దు దాటితే ముందు అలారం మోగుతుంది. ఇంకా పెరిగితే మిషన్ దానంతటదే ఆగిపోతుంది, దాన్నే ట్రిప్ అంటారు. సిమెంట్ ఫ్యాక్టరీల్లో పెద్ద ఫ్యాన్లకు, మిల్లుల గేర్‌బాక్సులకు కూడా ఇలాంటి ఏర్పాటే ఉంటుంది.

ఈ సిస్టమ్‌లో ప్రోబ్ (షాఫ్ట్ దగ్గర పెట్టే సెన్సర్), ఎక్స్‌టెన్షన్ కేబుల్, ప్రోబ్ సిగ్నల్‌ని వోల్టేజ్‌గా మార్చే ప్రాక్సిమిటర్ అనే చిన్న పెట్టె, ర్యాక్‌లో కార్డులు, పవర్ సప్లైలు ఉంటాయి. పాడైనది తీసి కొత్తది పెట్టడం అనగానే బల్బు మార్చినంత తేలిక అనుకుంటారు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేనెప్పుడూ చూపించే ఉదాహరణ ఒకటుంది. బెంట్లీ నెవాడా కంపెనీ ప్రాక్సిమిటర్లలో 330180-50-00 ఒకటి, 330180-90-00 ఇంకొకటి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, స్టోర్‌లో ఒకే అరలో పెడతారు. మొదటిది 5 మీటర్ల సిస్టమ్‌కి, రెండోది 9 మీటర్ల సిస్టమ్‌కి చేసినవి. ప్రోబ్‌తో పాటు తోకలా వచ్చే కేబుల్ ఒక మీటరు, ఎక్స్‌టెన్షన్ నాలుగు మీటర్లు అనుకోండి, మొత్తం అయిదు. దానికి 9 మీటర్ల ప్రాక్సిమిటర్ తగిలిస్తే రీడింగ్ రాకుండా పోదు. వస్తుంది, కానీ తప్పుగా వస్తుంది. అసలు చిక్కు అక్కడే. రీడింగ్ రాకపోతే ఎవరో ఒకరు వెంటనే గమనిస్తారు. తప్పు రీడింగ్ నెలల తరబడి రిజిస్టర్‌లోకి ఎక్కుతూనే ఉంటుంది. పార్ట్ నంబర్‌లో ఒక్కో గీత తర్వాత అంకెకి ఒక్కో అర్థం ఉంటుంది: పొడవు, కనెక్టర్ రకం, కేబుల్‌కి ఇనుప తొడుగు ఉందా లేదా అన్నవన్నీ అందులోనే ఉంటాయి. మీ అమ్మాయి మొదటి రెండు నెలల్లో నేర్చుకోవాల్సింది ఆ అంకెలు చదవడం.

రెండోది గ్యాప్ వోల్టేజ్. ప్రోబ్ షాఫ్ట్‌కి తగలకూడదు, మధ్యలో మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ ఖాళీ ఉండాలి. ఆ ఖాళీని స్కేలు పెట్టి కొలవరు. ప్రాక్సిమిటర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూస్తారు. మామూలుగా ఈ 8 మిల్లీమీటర్ల ప్రోబ్‌లు ఒక మిల్లీమీటరు దూరానికి 7.87 వోల్టులు ఇస్తాయి. మైనస్ 10 వోల్టుల దగ్గర బిగిస్తే రెండు వైపులా చాలినంత చోటుంటుంది. ప్రోబ్‌ని తిప్పుతూ లోపలికి బిగించేటప్పుడు ఎక్స్‌టెన్షన్ కేబుల్ విడదీసి ఉంచాలి. లేకపోతే కేబుల్ మెలిపడి లోపల తీగ తెగుతుంది. బిగించాక కనెక్టర్‌ని దానికి తగిన తొడుగుతోనే కప్పాలి. మామూలు ఇన్సులేషన్ టేప్ చుడితే టర్బైన్ నూనెకు ఆ జిగురు కరిగి లోపలికి పాకుతుంది. నాలుగు నెలల తర్వాత అదే కనెక్టర్ దగ్గర సిగ్నల్ ఎగిరిపడుతుంటే, ప్రోబే పోయిందని కొత్తది తెప్పిస్తారు! తీరా చూస్తే ప్రోబ్‌కి ఏమీ కాలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ పనిలో విలువంతా మార్చకముందు చేసే పరీక్షలో ఉంది. ఫ్యాన్ల మీద పెట్టే యాక్సిలరోమీటర్ (అదురును కొలిచే సెన్సర్) సంగతే చూడండి. అది సరిగా ఉంటే బయాస్ వోల్టేజ్, అంటే దాని లైనులో ఎప్పుడూ ఉండే వోల్టేజ్, దాదాపు 10 నుంచి 12 వోల్టుల మధ్య కనిపిస్తుంది. సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్. సప్లై వోల్టేజ్ అంతా, అంటే 24 వోల్టుల దరిదాపుల్లో కనిపిస్తే లైను ఎక్కడో తెగింది. అంటే సెన్సర్ విప్పకుండానే, నిచ్చెన ఎక్కకుండానే, జంక్షన్ బాక్స్ దగ్గర నిలబడి సగం జబ్బు చెప్పేయొచ్చు. ఇది తెలిసిన టెక్నీషియన్‌ని ప్లాంట్ వాళ్లు పేరు పెట్టి పిలుస్తారు. తెలియని వాళ్లని "ఏజెన్సీ కుర్రాడు" అంటారు, ఎన్నేళ్లు చేసినా సరే.

ఇందులో టెన్షన్ కూడా ఉంటుంది, దాచడం ఎందుకు. మిషన్ నడుస్తుండగా ఒక ఛానల్ (ఒక సెన్సర్ లైను) మీద పని చేయాలంటే ముందు పర్మిట్ తీసుకోవాలి, ఆపరేషన్ వాళ్లతో చెప్పి ఆ ఛానల్‌ని బైపాస్‌లో పెట్టాలి, అంటే అది మిషన్‌ని ట్రిప్ చేయకుండా ఆపాలి. పొరపాటున పక్క ఛానల్ విప్పారంటే నడుస్తున్న యూనిట్ ట్రిప్ అయిపోవచ్చు. 500 మెగావాట్ల యూనిట్ ఆగిపోతే ఫోన్లు ఎక్కడెక్కడి నుంచో మోగుతాయి. అందుకే చేరిన కొత్తలో ఒంటరిగా ర్యాక్ తలుపు తెరవనివ్వరు, తెరవనివ్వకపోవడమే మంచిది.

స్పేర్లు నిల్వ చేయడం కూడా ఒక విద్యే. ర్యాక్ కార్డుల్ని యాంటీస్టాటిక్ కవర్లలో ఉంచాలి, చేతికి రిస్ట్ స్ట్రాప్ లేకుండా ముట్టుకోకూడదు. మన ప్రాంతంలో వానాకాలపు చెమ్మ, మే నెల ఎండ రెండూ ఎలక్ట్రానిక్స్‌కి శత్రువులే. ఏసీ లేని స్టోర్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్న పవర్ సప్లైలో కెపాసిటర్లు వాడకుండానే ముసలివైపోతాయి. కొత్త కార్డు అనుకుని పెడితే మర్నాడే పోతుంది. పాత మోడల్ కార్డులు కంపెనీ తయారీ ఆపేశాక బయట రిపేరు చేసినవి కొంటారు. వాటిలో నకిలీలూ ఉంటాయి. సీరియల్ నంబర్, ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి ప్రోగ్రామ్) వెర్షన్ సరిపోతాయా, వెనక వైర్లు కలిపే ఐఓ మాడ్యూల్‌కి జత కుదురుతుందా అని చూసేవాళ్లు కావాలి. కార్డు మార్చేముందు కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) ఫైల్ బ్యాకప్ తీసుకున్నారా లేదా అన్నది ఇంకా ముఖ్యం. కాగితాల పనిలా కనిపిస్తుంది కానీ, ఫైల్ లేకపోతే అలారం హద్దులన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

ఇక మీ అమ్మాయి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, లేదా ఫోన్‌లోనే, అడగాల్సినవి. "నేను లూప్ చెక్ చేయొచ్చా, ప్రోబ్ క్యాలిబ్రేషన్ నాతో చేయిస్తారా?" అని సూటిగా అడగమనండి. లూప్ చెక్ అంటే సెన్సర్ నుంచి ర్యాక్ దాకా లైనంతా సరిగా ఉందో చూడటం, క్యాలిబ్రేషన్ అంటే రీడింగ్ సరిగ్గా వస్తోందో సరిచూడటం. "మొదట్లో చూడండి, ఆరు నెలల తర్వాత మీరే చేస్తారు" అంటే చేరొచ్చు. "అదంతా కంపెనీ ఇంజనీర్ వచ్చి చూసుకుంటాడు, మీరు సామాను అందించి రిజిస్టర్ రాస్తే చాలు" అన్నారంటే అది స్టోర్‌కీపర్ ఉద్యోగం. 14 వేలకి దానికోసం ఇల్లు వదలక్కర్లేదు. పీఎఫ్, ఈఎస్ఐ కడతారా, నియామక పత్రంలో ఏ హోదా రాస్తారు, రేపు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఏజెన్సీ పేరు మీద ఇస్తారా అన్నవి మీరో మీవారో అడగండి. పిల్లలు మొహమాటపడతారు.

ఆడపిల్ల అన్న సందేహం గురించి. మెయింటెనెన్స్ పని ఎక్కువగా జనరల్ షిఫ్ట్‌లోనే ఉంటుంది. యూనిట్ షట్‌డౌన్‌లో ఉన్నప్పుడు మాత్రం రాత్రుళ్లు కూడా పని నడుస్తుంది. ఆ రోజుల్లో రవాణా ఎవరు చూస్తారు, సైట్‌లో ఇంకో మహిళ ఎవరైనా ఉంటారా, బట్టలు మార్చుకోవడానికి గది, టాయిలెట్ ఎంత దూరం, ఇవన్నీ అడగడం తప్పేం కాదు. సరైన జవాబు చెప్పని చోట చేరక్కర్లేదు. గుంటూరు నుంచి ఇబ్రహీంపట్నం రోజూ వెళ్లి రావడం మాత్రం నాకు నచ్చదు. పనిలో నేర్చుకునే ఓపికంతా బస్సులోనే పోతుంది. గొల్లపూడి, భవానీపురం వైపు హాస్టల్ చూసుకుంటే నయం. హాస్టల్ ఖర్చు పోగా నెలకి మిగిలేది తక్కువే, ఆ లెక్క ముందే వేసుకోండి.

మరి ఈసెట్? గవర్నమెంట్ యూనివర్సిటీ కాలేజీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ గానీ ఎలక్ట్రానిక్స్ గానీ వస్తే ఉద్యోగం పక్కనపెట్టి చదివించండి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. అలా కాకుండా ఏదో ఒక కాలేజీలో దొరికిన బ్రాంచిలో, అప్పు చేసి ఫీజు కట్టాల్సి వస్తే మాత్రం ఈ ఉద్యోగమే మేలు. ఈసెట్ వచ్చే ఏడాది కూడా రాయొచ్చు. పని చేస్తున్నవాళ్ల కోసం ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) అనుమతితో కొన్ని కాలేజీలు సాయంత్రం పూట బీటెక్ నడుపుతున్నాయి, దానికి ఏడాది అనుభవం ఉండాలి. ఈలోపు థర్మల్ స్టేషన్లలో, పెద్ద కంపెనీల్లో డిప్లొమా వాళ్లకి ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ వెబ్‌సైట్ అయిన నాట్స్ పోర్టల్‌లో ఇప్పుడే రిజిస్టర్ చేయించండి. ఏజెన్సీ జవాబులు నచ్చకపోతే ఆ దారి చేతిలో ఉంటుంది.

ఈ రంగంలో పైకి ఎలా వెళ్తారో కూడా చెప్పాలి. ఐఎస్ఓ 18436-2 ప్రకారం వైబ్రేషన్ అనలిస్ట్ సర్టిఫికెట్లు నాలుగు కేటగిరీల్లో ఉంటాయి. మొదటిదానికి ఆరు నెలల అనుభవం, రెండోదానికి ఏడాదిన్నర అడుగుతారు. మీ అమ్మాయి చేరిన వెంటనే పరీక్ష ఫీజు కట్టేయకండి. చేతితో పదిసార్లు చేశాక చదివితేనే ఆ స్పెక్ట్రమ్ గ్రాఫులు (అదురును వేగాల వారీగా విడదీసి చూపేవి) అర్థమవుతాయి. రెండో కేటగిరీ దాటినవాళ్లు విశాఖ రిఫైనరీ లాంటి చోట్ల, హైదరాబాద్‌లో టర్బైన్లు చేసే బీహెచ్ఈఎల్ లాంటి చోట్ల, గల్ఫ్‌లో కండిషన్ మానిటరింగ్ (మిషన్ల పరిస్థితిని గమనించే) ఉద్యోగాలకి అర్హులుగా నిలబడగలరు. వస్తాయని నేను హామీ ఇవ్వను. సర్టిఫికెట్ ఒక్కటే చూపించి ఉద్యోగం అడిగేవాళ్లకి మాత్రం ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే గ్యాప్ వోల్టేజ్ మీద పడుతుంది, అక్కడే చాలామంది ఆగిపోతారు.

సాఫ్ట్‌వేర్ కోర్సు చెడ్డదని నేననను. అమ్మాయికి ఇష్టం లేకుండా, ఇప్పటికే చేతిలో ఉన్న చదువు పక్కనపెట్టి, హైదరాబాద్‌లో హాస్టల్ కట్టి నేర్పించడం మాత్రం అనవసరం. ప్లాంట్ డేటా చదవడానికి పైథాన్ లాంటిది సాయంత్రాలు ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు, మీ మరిదిగారికి అది చెప్పండి.

ఇంకొక్క విషయం. కొన్ని ఏజెన్సీలు చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని పెట్టుకుంటాయి, మానేస్తానంటే వెంటనే తిరిగివ్వవు. జిరాక్స్‌లు, అటెస్ట్ చేసిన కాపీలు ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోమనండి. ఈసెట్ కౌన్సెలింగ్‌కి డిప్లొమా మార్కుల మెమోలు, టీసీ ఒరిజినల్సే కావాలి.