ప్రూఫ్‌లు వస్తున్నాయి, వ్యాసమే రావట్లేదు: సమాధానం

తమ్ముడూ, ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, తత్వశాస్త్రం కలిపి మొదటి ఏడాది చదువుతున్నావు. గణితంలో ప్రూఫ్‌లకు (నిరూపణలకు) ఇబ్బంది లేదు గానీ, జర్మన్ గణిత తత్వవేత్త ఫ్రేగే మీద రాసిన వ్యాసంపై ట్యూటర్ "ఇందులో నీ వాదన ఏది?" అని రాశారన్నావు. టెన్షన్ పడకు. వ్యాసమంటే తెలిసిందంతా రాయడమని మనకు బడిలో అలవాటైపోయింది, అంతే.

ఈసారి ఒక్క వాదనే పట్టుకో. సంఖ్య అంటే ఏమిటో చర్చించే 1884 నాటి పుస్తకంలో ఫ్రేగే పేకముక్కల ఉదాహరణ ఇస్తాడు కదా. దొంతర చేతికిచ్చి "ఎన్ని?" అంటే కట్టలా, ముక్కలా అని అడగాల్సిందే. కాబట్టి సంఖ్య రంగులాగా వస్తువుకు ఉండే గుణం కాదంటాడు. ఇందులోని ఆధారవాక్యాలను లెమ్మాల్లా (పెద్ద ప్రూఫ్‌కి మెట్లుగా వాడే చిన్న ఫలితాల్లా) విడివిడిగా రాయి. ఏది తీసేస్తే ముగింపు కూలుతుందో చూడు. ఉదాహరణకి, బరువు ఎంతంటే కిలోల్లోనా, గ్రాముల్లోనా అని అడుగుతాం. అయినా బరువు వస్తువు గుణమే! ఫ్రేగే దీనికి ఏమంటాడు? నీ రెండో పేజీ అదే. అక్కడ నీకు నిజంగా ఏమనిపిస్తోందో ధైర్యంగా రాయి.

1902లో బ్రిటిష్ తత్వవేత్త రస్సెల్ ఫ్రేగేకి రాసిన ఉత్తరంలో, ఆయన సిద్ధాంతంలో చూపిన వైరుధ్యాన్ని మాత్రం ఇందులోకి లాగకు, అది వేరే వ్యాసం. డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడ పెట్టు, తప్పకుండా చదువుతాను.