టి కణాలను మేల్కొలిపే ముందు

చి. లావణ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. రక్తంలో రోగాలతో పోరాడే టి కణాలను యాంటీబాడీతో యాక్టివేట్ చేసి, అంటే మేల్కొలిపి, 24 గంటలకి ఆర్‌ఎన్‌ఏ తీశాననీ, అవి మేల్కొన్నాయని చెప్పే ఐఎల్-2 జన్యువు పలకలేదనీ, యాంటీబాడీ పాడైందేమోననీ రాశావు. కొత్త సీసాకి ఆర్డరు పెట్టకు. ముందు గడియారం చూడు.

కణం పైనున్న రిసెప్టర్‌కి సంకేతం తగలగానే కణంలో కాల్షియం పెరుగుతుంది. దాంతో కాల్సిన్యూరిన్ అనే ఎంజైము పనిలోకి దిగి, ఎన్‌ఫాట్ ప్రోటీన్‌కి అంటుకున్న ఫాస్ఫేట్లను తీసేస్తుంది. అప్పుడు ఎన్‌ఫాట్ కేంద్రకంలోకి పోయి ఐఎల్-2 జన్యువు పక్కన చేరుతుంది. అంతా నిమిషాల్లో. కాల్షియం పడిపోతే మళ్లీ బయటికొచ్చేస్తుంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వేసుకునే టాక్రోలిమస్ మాత్ర ఆపేది ఈ కాల్సిన్యూరిన్‌నే. ప్లేటులో ఒక వెల్‌లో, అంటే ఒక గుంటలో, ఆ మందు వేసి చూడు. అందులోనూ ఐఎల్-2 దండిగా కనిపిస్తే ముందు నీ ప్రైమర్లను, అంటే జన్యువును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలను, అనుమానించు.

ఇక టైము సంగతి. కణం మేల్కోగానే ముందుగా పలికే ఫాస్ జన్యువు పాలు పొంగినట్టే. అరగంటకి పైకి లేస్తుంది, కాసేపు ఆగి వెళితే ఏమీ ఉండదు. ఐఎల్-2 ఎంఆర్‌ఎన్‌ఏకి, అంటే ఆ జన్యువు నకలుకి, కొన్ని గంటలు పడుతుంది. పైగా దాని చివర ఎ, యు అక్షరాలు గుంపుగా ఉంటాయి, అవి కనిపిస్తే కణం దాన్ని ఎక్కువసేపు బతకనివ్వదు. ఒక్క 24 గంటలే చూస్తే ఎలా? సున్నా, అరగంట, 2, 6, 24 పెట్టుకో.

రిసెప్టర్‌ని తట్టే సీడీ3 యాంటీబాడీ ఒక్కటే వేశావా? రెండో సంకేతమిచ్చే సీడీ28 యాంటీబాడీ కూడా కావాలి. అది లేకపోతే ఎన్‌ఫాట్‌కి ఏపీ-1 అనే ప్రోటీన్ తోడు సరిగా దొరకదు, కణం మొద్దుబారిపోతుంది. ఆ స్థితికి వేరే జన్యువులున్నాయి, వాటిని చూసి కంగారుపడతావు. పీఎంఏ, అయనోమైసిన్ అనే రసాయనాలు కలిపి పోస్తే భలే పనిచేస్తాయి కానీ అది రిసెప్టర్‌ని దాటేసే దొడ్డిదారి. కంట్రోల్‌గా సరే, దాన్నిబట్టి సిద్ధాంతాలు చెప్పకు.

నా మొదటి ఏడాదిలో మూడు నెలలు ఒక తప్పుతో పోయాయి. అన్నిటినీ, మారదనుకుని కొలబద్దగా పెట్టుకున్న జీఏపీడీహెచ్ జన్యువుతో పోల్చి, నా జన్యువులన్నీ తగ్గాయని గ్రాఫులు గీశాను. యాక్టివేట్ అయిన కణం గ్లూకోజ్‌ని తెగ వాడుతుంది కదా, పెరిగింది గ్లూకోజ్‌ని విరిచే పనిలో ఉండే జీఏపీడీహెచ్చే! ఇంకో రెండు జన్యువులతో సరిచూడు, అవి కదలడం లేదని ముందే తేల్చుకో.

ఇంకొకటి, సున్నా శాంపిల్, అంటే యాక్టివేట్ చేయకముందుది. రక్తం నుంచి కణాలను విడదీసే ఫైకోల్ ద్రవం, సెంట్రిఫ్యూజ్, పిపెట్‌తో గట్టిగా లాగడం, ఇవన్నీ చాలు కణం ఉలిక్కిపడడానికి. విడదీశాక రెండు గంటలు ఇంక్యుబేటర్‌లో వదిలేయ్, ఆ తర్వాతే సున్నా అను.

శనివారం ఫోన్ చెయ్యి, పీసీఆర్ యంత్రం ఇచ్చిన సీటీ విలువలు చదివి వినిపించు. అన్నం తిన్నాకే చెయ్యి.

మీ పెద్దమ్మ