యాప్‌లలో పని మొదలెట్టే ముందు

ఒరేయ్ చిన్నా,

ఉద్యోగం మానేసి ఇకనుంచి ఫ్రీలాన్స్ సైట్లలోనే డిజైన్ పనులు చేసుకుంటానన్నావని అక్క చెప్పింది, తను కంగారు పడుతోంది కానీ నేను వద్దననురా, నేనూ ఇన్నేళ్లుగా అనువాదాలు అలాగే చేస్తున్నా కదా. కాకపోతే జీతం లెక్క వేరు, ఈ లెక్క వేరు.

ముందు టైం సంగతి చూడు. యాప్‌లో నీకు కనపడేది పూర్తయిన పనికి వచ్చిన డబ్బే. ప్రపోజల్స్ రాస్తూ కూర్చున్నది, ఆర్డర్ కోసం ఎదురుచూసింది, క్లయింట్ ఇంకోసారి మార్చమంటే ఊరికే మార్చి ఇచ్చింది, ఇవేవీ అందులో ఉండవు. లాగిన్ నుంచి లాగౌట్ దాకా మొత్తం రాసుకుని అప్పుడు గంటకెంత పడిందో చూడు. మామయ్యది చాదస్తం అనుకునేవు, 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్ల కేసులో, తమ ఏరియాలో యాప్ ఆన్ చేసుకుని ట్రిప్‌కి రెడీగా ఉన్న టైం కూడా పని టైమే అని చెప్పింది. నీకు మాత్రం ఆ టైంకి ఎవడూ డబ్బివ్వడు, కాబట్టి రేటు పెట్టేటప్పుడే కలుపుకో. ఫైవర్ అనే ఫ్రీలాన్స్ సైట్ 20 శాతం కమీషన్ పట్టుకుంటుంది, అదీ కలుపు, టాక్సూ ఇన్సూరెన్సూ సరేసరి.

అసలు జాగ్రత్త పడాల్సింది అకౌంట్ విషయంలో. మేనేజర్‌కి కోపమొస్తే వెళ్లి మాట్లాడొచ్చు, ఇక్కడ పొద్దున లేచేసరికి అకౌంట్ బ్లాక్ అయి ఉంటే సపోర్ట్‌కి ఎన్ని మెయిల్స్ పెట్టినా అదే రెడీమేడ్ జవాబు వస్తుంది, రేటింగ్ చూస్తే ఇంకో సైట్‌లో పనికిరాదు. యూరోపియన్ యూనియన్ 2024లో ఏకంగా చట్టమే తెచ్చింది, యాప్‌లో పనిచేసేవాళ్ల అకౌంట్ ఆపేసే నిర్ణయం మనిషే తీసుకోవాలి, సాఫ్ట్‌వేర్‌కి వదిలేయకూడదు అని. (అంటే అప్పటిదాకా ఏం జరుగుతోందో నువ్వే ఊహించుకో.) అందుకని నెలనెలా రివ్యూలకి స్క్రీన్‌షాట్లు తీసి, పేమెంట్ స్టేట్‌మెంట్లు, చేసిన ఫైళ్లు నీ దగ్గర దాచుకో, శాంపిల్స్‌కి సొంతంగా ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టుకో, కనీసం రెండుచోట్ల అకౌంట్ ఉండేలా చూసుకో.

అలాగని క్లయింట్ నంబర్ తీసుకుని బయట డీల్ మాట్లాడేయకు. అప్‌వర్క్ అని ఇంకో ఫ్రీలాన్స్ సైట్ ఉంది, అందులో పరిచయమైన క్లయింట్‌తో రెండేళ్లపాటు డబ్బు ఆ సైట్ ద్వారానే నడవాలని రూల్ ఉంది, బయటికి రావాలంటే ఫీజు కట్టాలి. ఆ షరతులు ఓపిగ్గా చదువు, చాలామంది చదవరు.

ప్రొఫైల్ రాశాక పబ్లిష్ కొట్టకుండా ముందు నాకు పంపు, రేట్లు ఓసారి చూస్తా.

మీ మామయ్య