హెడ్డు విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి, తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు.

బండి రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటిందనీ, ఆయిల్ తాగుతోందనీ, చిత్తూరులో మెకానిక్ ‘ఇంజన్ బోరుకొచ్చింది, దించేద్దాం’ అన్నాడనీ రాశావు. బోరు అంటే సిలిండర్ లోపలి గోడ, అది అరిగిపోయిందని అతని మాట. దించవద్దని నేను అనను. కానీ ఇంజన్ తన జబ్బు చెప్పేది తిరుగుతున్నంతసేపే. విప్పి బల్ల మీద పెట్టాక ఏ భాగం ఎంత అరిగిందో కొలవవచ్చు గానీ, వేడి మీద ఆయిల్ ప్రెషర్ ఎంత ఉండేదో, పొగ ఎప్పుడు వచ్చేదో ఇక చూడలేవు. అవి తెలుసుకోకుండా పని మొదలుపెడితే వాల్వుల పక్కనుంచి ఆయిల్ దిగకుండా ఆపే సీళ్లతో తీరేదానికి పిస్టన్లు కొనిపిస్తారు, లేదా పిస్టన్లకు కొత్త రింగులు వేసి, కింద క్రాంకు షాఫ్టును మోసే అరిగిన బేరింగుల మీదే మూసేస్తారు.

ముందు పొగ చూడు. దీనికి మన ఘాట్ రోడ్డును మించిన పరీక్ష లేదు. తిరుమల నుంచి దిగేటప్పుడు రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలేసి వస్తావు కదా. నీది పెట్రోలు బండి కాబట్టి అప్పుడు థ్రాటిల్ మూసుకుని లోపల వాక్యూమ్ బాగా పెరుగుతుంది. అది వాల్వులు కదిలే అరిగిన గైడ్లు, గట్టిపడిన సీళ్ల పక్కనుంచి ఆయిల్‌ను సిలిండర్లలోకి లాగుతుంది. అలిపిరి చేరి చదునైన రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కగానే నీలం పొగ గుప్పుమని వచ్చి ఆగిపోతే, ముందు సీళ్లను అనుమానించు. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త పొగ వదిలినా అంతే. కొండ ఎక్కేటప్పుడు నిండు లోడుతో లాగినంతసేపూ నీలం పొగ విడవకపోతే మాత్రం రింగులు, బోరు అనుకోవాలి. చూడటానికి వెనుక సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టు, నీ కళ్లు మలుపుల మీదే ఉండాలి.

ఆయిల్ మూత తీసి పొగ చూపించి ‘బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది’ (రింగులు దాటి గ్యాసు కిందికి వస్తోంది) అంటే వెంటనే నమ్మకు. ఇంజన్ అడుగున చేరే గ్యాసును తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వు మసిపట్టి మూసుకుపోయినా అలాగే కొడుతుంది. ముందు దాన్ని శుభ్రం చేయించి మళ్లీ చూడు.

అసలు సాక్ష్యం ప్లగ్గు రంధ్రంలో బిగించి సిలిండర్ ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ దగ్గర దొరుకుతుంది. ఇంజన్ వేడెక్కాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ప్లగ్గులకు స్పార్కు రాకుండా ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌కు అయిదారు దెబ్బలు పడేదాకా తిప్పాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా కొలిచిన అంకె దేనికీ పనికిరాదు, చాలా షెడ్లలో జరిగే పొరపాటు ఇదే. చాలా పెట్రోలు ఇంజన్లలో 150 నుంచి 200 పీఎస్‌ఐ వరకు వస్తుంది, నీ బండికి ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్‌లో చూడు. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికన్నా పదిహేను శాతం మించి తక్కువుంటే, అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలువు. ప్రెషర్ లేస్తే లోపం రింగుల్లో, బోరులో ఉంది. కదలకపోతే వాల్వుల్లోనో, పైనున్న హెడ్డుకూ కింది సిలిండర్లకూ మధ్య ఉండే గ్యాస్కెట్‌లోనో ఉంది. పక్కపక్క రెండు సిలిండర్లు కలిసి పడిపోతే హెడ్ గ్యాస్కెట్ మీదే నా అనుమానం. ఈ ఆయిల్ పరీక్ష డీజిల్ బండికి చేయనివ్వకు. అందులో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా చాలా తక్కువ, ఆయిల్ అడ్డుపడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

లీక్‌డౌన్ గేజ్ ఉన్న షెడ్డు దొరికితే ఇంకా మంచిది. పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో గాలి ఎక్కించి, అది ఎక్కడ తప్పించుకుంటోందో వింటారు. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు అయితే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు. రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్ లేదా పగిలిన హెడ్డు.

కింది భాగాన్ని చాలామంది మరిచిపోతారు. డ్యాష్‌బోర్డు లైటును నమ్ముకోక, విడి గేజ్ బిగించి ఆయిల్ ప్రెషర్ వేడి మీద చూడు. వెయ్యి ఆర్పీఎంకు 10 పీఎస్‌ఐ అనేది పాత లెక్క. అంతకన్నా బాగా పడిపోతే బేరింగులు అరిగి ఉండవచ్చు. పలచబడిన ఆయిల్, ఆయిల్ పంపు ముందు మూసుకుపోయిన జల్లెడ (స్ట్రెయినర్) వల్లా పడిపోతుంది కాబట్టి వాటిని ముందు చూసుకో. పాత ఆయిల్ ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పించు. మెరిసే పొడి అయస్కాంతానికి అంటకపోతే బేరింగు లోహమై ఉంటుంది, అంటితే ఇనుము ఎక్కడో రాసుకుపోతోంది. చల్లగా ఉన్నప్పుడు టకటక మోగి వేడెక్కాక ఆగేది పిస్టన్ చప్పుడు. వేడెక్కేకొద్దీ, లోడు పడేకొద్దీ బరువుగా మోగితే అది బేరింగుల చప్పుడు, ఆ బండిని ఇక కొండ ఎక్కించకు.

నాలుగు సిలిండర్ల అంకెలు, ఆయిల్ పోశాక వచ్చిన అంకెలు, వేడి మీద ఆయిల్ ప్రెషర్ కాగితం మీద రాసి ఫొటో పంపు. క్రాంకు షాఫ్టును అరగదీసి నునుపు చేసే గ్రైండింగుకు పంపాలా, హెడ్డు పనితో సరిపోతుందా అనేది అవి చూసి చెబుతాను. అప్పటిదాకా షెడ్డులో అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య